కపిల బొమ్మ కింద రైలు పాఠం

గడగడ చదువుతుంది అని ఎవరైనా ఒక పిల్లను పొగిడితే నాకు ఇప్పటికీ అక్కడ నిలబడబుద్ధి కాదు. ఎందుకంటే ఆ మాట నేనే నా మనవరాలి గురించి ఊరంతా చెప్పుకుని తిరిగాను. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, ఎనిమిది నెలలు. విస్తరాకుల కట్టలు తీసుకుపోవడానికి శ్రీకాళహస్తి నుంచి వచ్చే హోటలు మనిషికి చెప్పాను. పాలు పోసే ఆమెకు చెప్పాను. ఎదురింట్లో ఎవరూ అడక్కపోయినా వెళ్ళి చెప్పాను.

నేను చదివింది రెండో తరగతి. మూడో తరగతి పుస్తకం కావాలని అడిగిన రోజు మా నాయన నా చంకకు తమ్ముణ్ణి ఎత్తించి ఇంట్లో కూర్చోబెట్టాడు. అంతటితో సరి. అయితే ఆ రెండేళ్ళూ మా కాలపు అయివారు ఇసుకలో వేలు పెట్టించి, వేలి కొన మండేదాకా దిద్దించిన అక్షరాలు మాత్రం నన్ను విడిచిపోలేదు. బస్సు బోర్డు, రేషను కార్డు, మందు సీసా మీద చీటీ, ఏదైనా కూడబలుక్కుని చదువుతాను. ఒత్తు వస్తే ఆగుతాను. పెద్ద మాట వస్తే వెనక్కి పోయి మళ్ళీ మొదలుపెడతాను. అట్లా ఎక్కడా ఆగకుండా, తడుముకోకుండా చదివే మనవరాలిని చూసి మురిసిపోయాను. ఆగకపోవడమే అనుమానించవలసిన సంగతి అని నాకు తోచలేదు.

మాది ఏర్పేడు నుంచి శ్రీకాళహస్తికి పోయే దారిలో ఒక చిన్న ఊరు. పల్లె అంటే ఊళ్ళోవాళ్ళకు కోపం, పట్నం అంటే బయటివాళ్ళకు నవ్వు. ఒక రైసు మిల్లు, వారానికొక సంత, డేరా సినిమా, ఒక పంచాయతీ సమితి బడి. బడికి రెండు గదులు, ఒక వసారా. తరగతులు అయిదు, అయివార్లు ఇద్దరు. పెద్దయివారు ఊళ్ళోనే కాపురం. చిన్నయివారు తిరుపతి నుంచి బస్సులో వచ్చేవాడు. బస్సు ఎప్పుడు వస్తే ఆయన బడి అప్పుడు మొదలు, తిరుగు బస్సు ఎప్పుడుంటే అప్పుడు ముగింపు.

అప్పటికి బళ్ళలో ఫెయిలు అనేది ఎత్తేశారు. హాజరు ఉంటే చాలు, ఏడాది తిరిగేసరికి పిల్ల పై తరగతిలో ఉంటుంది. ఇది మంచిదే అనుకున్నాం అందరం. నా మనవరాలు అట్లాగే ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు, మూడు నుంచి నాలుగుకు ఎక్కింది. మెట్లు ఎక్కినంత సులభంగా ఎక్కింది. ఎవరూ ఆపలేదు, ఎవరూ అడగలేదు.

నాలుగో తరగతి తెలుగు వాచకం కొనవలసి వచ్చినప్పుడు నేను ఎదురింటి పిల్ల ముందు సంవత్సరం చదివి పడేసిన పుస్తకాన్ని సగం ధరకు తీసుకున్నాను. మా వీధిలో అందరం అట్లాగే తీసుకునేవాళ్ళం. దానికి సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసి, దబ్బనంతో కుట్టి ఇచ్చాను. "ఈ సారి పుస్తకం మారిందంట అవ్వా, అయివోరు కొత్తది తెమ్మన్నాడు" అని పిల్ల చెప్పింది. చెప్పలేదని అబద్ధమాడను. "అవే పాఠాలే. అట్టకు రంగు మార్చి అమ్ముకుంటారు" అన్నది నేను.

ఒక సాయంకాలం నేను వాకిట్లో మోదుగాకులు ముందేసుకుని విస్తర్లు కుడుతున్నాను. పిల్ల నా పక్కన కూర్చుని వాచకం ఒళ్ళో పెట్టుకుని చదువుతోంది. రైలు పాఠం. రైలు కూత పెట్టింది, పొగ వదిలింది, వంతెన మీద నుంచి పోయింది, కిటికీలోంచి చెట్లు వెనక్కి పరుగెత్తాయి. వేలు వరుస కింద జరుగుతోంది, నోరు గడగడ చదివేస్తోంది. ఈనె పుల్ల కింద పడితే తీసుకుందామని వంగి, అట్లాగే పుస్తకం వైపు చూశాను. పేజీ పైన ఒక బొమ్మ ఉంది. రెండు ఎద్దులు బావిలోంచి నీళ్ళు తోడుతున్న కపిల బొమ్మ.

"రైలు యాడుండాదే?" అన్నాను.

"ఈడుండాది గదవ్వా."

వేలు పెట్టి చూపించింది. ఆ వేలు ఎద్దు తోక కింద ఉంది.

"నాకు ఎద్దు గదా కనబడతా ఉండాది!"

"బొమ్మలో లేదవ్వా. పాఠంలో ఉండాది."

కళ్ళు చికిలించి మొదటి మాట కూడబలుక్కున్నాను. మోట అని ఉంది. మా వైపు కపిల అనేదాన్నే పుస్తకాలవాళ్ళు మోట అంటారు. ఆ తర్వాత బావి అని ఉంది. ఎద్దులు అని ఉంది. పేజీ అంతా వెతికాను. రైలన్నది ఒక్కచోట కూడా లేదు.

మోట అన్న మాటలో మొదటి అక్షరం మీద ఆమె వేలు పెట్టించి, "ఇదేం అచ్చరం?" అన్నాను.

"అది... రైలు."

"ఒక్క అచ్చరం అడగతా ఉండా. రైలంతా అడగలా."

"వేలు జరిపితేనే వస్తాది అవ్వా. ఒకే తావ పెట్టుకోనుంటే ఎట్లొస్తాది?"

విసుక్కుంటూ చెప్పింది ఆ మాట. తెలియనిదానికి చెప్పినట్టు నాకు చెప్పింది. ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. చదవడం అంటే పుస్తకం తెరిచి, వరుస కింద వేలు జరుపుతూ, నోటికి వచ్చిన పాఠం చెప్పడం అని అది నిజంగా నమ్మింది. తప్పు చేస్తున్నానని దానికి తెలియదు. దొంగతనం అయితే కొట్టి మాన్పించేదాన్ని.

బడిలో జరిగింది ఏమిటో అడిగి అడిగి రాబట్టాను. కొత్త పుస్తకం పెద్దయివారి దగ్గర ఒకటే ఉంది. ఆయన ఒక వరుస చదువుతాడు, పిల్లలందరూ ఒక్క గొంతుతో అప్పజెబుతారు. ఎవరి ఒళ్ళో ఏ పుస్తకం ఉందో, ఏ పేజీ తెరిచి ఉందో ఆయన వంగి చూసింది లేదు. పక్కన కూర్చునే టైలరు కూతురు దగ్గర కూడా పాత పుస్తకమేనట. ఇద్దరూ కలిసి, కపిల బొమ్మ తెరుచుకుని, ఎనిమిది నెలలు రైలు నడిపారు.

మా కోడలు పొయ్యి దగ్గర నుంచే అందుకుంది. "మీరు పాత పుస్తకం కొనకపోయింటే ఇదంతా ఉండునా అత్తా?"

"కొత్తది కొనింటే రైలు బొమ్మ కిందనే రైలు సదివేది. దానికి అచ్చరం రాదని ఈ జన్మకు మనకు తెలిసేది గాదు" అన్నాను.

అనడానికి అన్నాను. అది నా పిసినారితనానికి మర్యాద ఇచ్చుకోవడమే.

మర్నాడు పొద్దున్నే ఆ పుస్తకం పట్టుకుని బడికి పోయాను. పెద్దయివారు బల్ల మీద హాజరు పట్టీ పరుచుకుని, నల్ల సిరాతో గీతలు గీస్తున్నాడు. చాలా శుభ్రమైన పని. ప్రతి పేరుకూ ఎదురుగా గీత, గీతకూ గీతకూ సమానమైన ఎడం. అంత శ్రద్ధగా ఆయన పలక మీద ఒక్క పిల్లకు అక్షరం పెట్టి ఇచ్చి ఉంటే నేను ఇది చెప్పుకోవలసిన పని ఉండేది కాదు.

"అయివోరా, మా పిల్లకు అచ్చరాలు రావు" అన్నాను.

"ఎవరమ్మా చెప్పింది? క్లాసులో దాన్ని మించి చదివేవాళ్ళు లేరే!"

పుస్తకం తెరిచి కపిల బొమ్మ చూపించి, జరిగింది చెప్పాను. ఆయన సిగ్గుపడతాడని కాచుకుని నిలబడ్డాను. ఆయన నవ్వాడు.

"పాత పుస్తకం పెట్టుకోని కొత్త పాఠం చెప్పిందా! అదమ్మా తెలివంటే. ఎంత జ్ఞాపకం చూడు!"

ఒళ్ళు మండింది. "ఆ జ్ఞాపకం చిలక్కు గూడా ఉంటాది సామీ. దాన్ని ఒకటో తరగతిలో కూర్చోబెట్టండి. మొదట్నుంచి నేర్పండి."

"రిజిస్టరు ముందుకే పోతుందమ్మా, ఎనక్కి పోదు. నాలుగులో ఉన్న పేరును ఒకట్లో ఎట్ల రాసేది? పైవాళ్ళు అడిగితే ఏమని చెప్పేది?"

"పైవాళ్ళ సంగతి నాకెందుకు? పిల్ల సంగతి అడగతా ఉండా."

ఆయన కలం పక్కన పెట్టాడు. అప్పుడు మొదటిసారి ఆయన ముఖంలో మనిషి కనబడ్డాడు. "అమ్మా, రెండు గదులు, అయిదు తరగతులు. చిన్నయివారు ఉన్నా లేనట్టే. ఎవరికని నేర్పేది నేను? మూతబడిన నూనె మిల్లు రేకుల కొట్టంలో ఈ జూన్‌లో కాన్వెంటు పెట్టినారు గదా. మెడకు టైలు కట్టిస్తా ఉండారని జనం వేలంవెర్రిగా పోతా ఉండారు. సగం మంది పిల్లలు ఆడికి పాయె. ఆ పేర్లన్నీ ఈడనే పెట్టుకోని నెట్టుకొస్తా ఉండా. లెక్క తగ్గిందా, ఒక అయివారి పోస్టు ఎత్తేస్తారు, నాలుగూ అయిదూ మూసేస్తారు. అప్పుడు మీ పిల్ల బస్సెక్కి యాడికి పోతుంది?"

నేను జవాబు చెప్పేలోపు ఆయనే అన్నాడు: "గురువారం ఇనస్పెక్టరు వస్తా ఉండాడు. మీ మాట వీధిలో చెల్లుతుంది. కాన్వెంటు పిల్లల్ని ఆ ఒక్క పూట ఇటు పంపమని చెప్పమ్మా. మీ మనవరాలి చేత పాఠం చదివిస్తా. బడి పేరు నిలబడుతుంది."

"అచ్చరాలు రావని నేను ఏడస్తా ఉంటే మీరు తలకాయలు లెక్కబెట్టుకుంటా ఉండారే అయివోరా!" అని వచ్చేశాను. ఒక్క ఇంటికి కూడా పోయి చెప్పలేదు. అంతవరకు నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

గురువారం నేను ఆకుల కట్ట ఇంట్లో పడేసి బడి వసారాలో పోయి కూర్చున్నాను. నేను చెప్పకపోయినా ఆయన పిల్లల్ని పోగుచేసుకున్నాడు. అంత మంది పిల్లలను ఆ బడిలో నేను ఎప్పుడూ చూడలేదు. నడక కూడా సరిగ్గా రాని చిన్నవాళ్ళను ఒకటో తరగతి అని కూర్చోబెట్టారు. ఓణీ వేసుకునే వయసు పిల్లను అయిదో తరగతి అన్నారు. కాన్వెంటు పిల్లలకు టైలు విప్పించి ఇంటి గుడ్డలు తొడిగించి తెచ్చారు గాని, ముఖాన పౌడరు తుడిపించడం మరిచిపోయారు. దుమ్ము కాళ్ళ మధ్య ఆ పిల్లల కాళ్ళు మాత్రం మేజోళ్ళ మేరకు తెల్లగా ఉన్నాయి.

ఇనస్పెక్టరు కుర్చీలో కూర్చుని పేర్లు పిలిపించాడు. మా బడిలో పేరు పిలిస్తే "వచ్చినాను సార్" అనాలి. అది అక్కడి అలవాటు. వరుసగా అందరూ వచ్చినాను, వచ్చినాను అంటూ ఉంటే మధ్యలో ఒక పిల్ల లేచి నిలబడి, చేతులు పక్కలకు బిగించి, "ప్రెజెంట్ సార్" అంది. పెద్దయివారి ముఖం మాడిపోయింది. ఇనస్పెక్టరు కళ్ళద్దాల పైనుంచి చూసి, "పర్వాలేదే అయివారూ, ఇంగ్లీషు గూడా నేర్పిస్తా ఉండారే!" అన్నాడు. పిల్లలందరూ ఫక్కున నవ్వారు. ఆయనా నవ్వాడు. పెద్దయివారూ నవ్వాడు.

ఇనస్పెక్టరుకు తెలుసు. పిల్లలకు తెలుసు. వసారాలో తొంగి చూస్తున్న తల్లులకు తెలుసు. తెలియనివాళ్ళు ఒక్కరు కూడా లేని చోట అందరూ కలిసి ఒక అబద్ధాన్ని అట్లా ముద్దుగా ఆడించడం చూస్తే, పాచి నీళ్ళు తాగినట్టయింది నాకు.

తర్వాత నా మనవరాలిని లేపారు. "సదువమ్మా, రైలు పాఠం" అన్నాడు పెద్దయివారు. ఇనస్పెక్టరు ఆయన దగ్గర కొత్త పుస్తకం తీసుకుని ఆ పాఠం తెరిచి పట్టుకున్నాడు. పిల్ల తన పాత పుస్తకం తెరిచింది. ఇంట్లో అంత జరిగినా దానికి చదువు అంటే అదే. కూత పెట్టింది, పొగ వదిలింది, వంతెన దాటించింది. ఆయన వేలు కొత్త పుస్తకంలో రైలు కింద జరుగుతోంది, దాని వేలు పాత పుస్తకంలో ఎద్దుల కింద జరుగుతోంది. రెండు వేళ్ళూ ఒకే పరుగు. ఒక్క మాట తప్పు పోలేదు.

"శభాష్! పట్నం బళ్ళలో గూడా ఇట్ల చదవరు" అన్నాడు ఆయన.

నేను లేచి గడప దగ్గరికి పోయాను. "సార్, ఆ బిడ్డ చేతిలో పుస్తకం ఒకతూరి సూడండి."

పెద్దయివారు "కూర్చో పెద్దమ్మా" అన్నాడు. నేను కూర్చోలేదు. ఇనస్పెక్టరు చేయి చాచాడు. పిల్ల పుస్తకం ఇచ్చింది. ఆయన సిమెంటు కాగితం అట్ట చూశాడు, కపిల బొమ్మ చూశాడు, రెండు పేజీలు తిప్పాడు. ముఖం మీద నవ్వు మెల్లగా పోయింది. పెద్దయివారి వైపు చూశాడు. తర్వాత చేతి గడియారం వైపు చూశాడు. కాళహస్తి బస్సు వేళ అది.

"ఏ పుస్తకమైతే ఏమమ్మా? పాఠం తప్పు లేకుండా చెప్పింది గదా" అని పుస్తకం పిల్లకు తిరిగి ఇచ్చేశాడు. ఇచ్చి, తనిఖీ పుస్తకంలో రాసుకున్నాడు. పఠనం చాలా బాగున్నది.

ఆ పెద్దమనిషి కోప్పడి ఉంటే బాగుండేది. పెద్దయివారిని తిట్టినా, నన్ను తిట్టినా బాగుండేది. చూసి, తెలుసుకుని, మూసేశాడు. మురికి చూసి ముక్కు మూసుకోవడం ఒక రకం. మురికి చూసి దాని మీద చాప పరిచి కూర్చోవడం ఇంకొక రకం.

పిల్ల అట్లాగే నిలబడి ఉంది. పుస్తకం వైపు చూసింది, నా వైపు చూసింది. తన చేతిలో ఉన్నది తప్పు పుస్తకమని, తాను చదివింది చదువు కాదని దానికి అప్పుడు ఎక్కినట్టుంది. ముఖం ఎర్రబడి, పెదవి బిగించి కూర్చుంది. పక్కన టైలరు కూతురు మెల్లగా తన పుస్తకం మూసుకుంది.

ఇనస్పెక్టరు హోటలు నుంచి తెప్పించిన దోసెలు తింటూ ఉండగా పెద్దయివారు వసారాలోకి వచ్చాడు. "నా పరువు తీయాలని వస్తివా పెద్దమ్మా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడతారా లేదా? లేదంటే మళ్ళీ పోయి చెప్తా. బస్సు దాకా ఎంటబడి చెప్తా."

ఆయన దోసెలు తింటున్న మనిషి వైపు ఒకసారి చూశాడు. "పేరు నాలుగులోనే ఉంటుంది. మనిషి ఒకట్లో కూర్చుంటుంది. సోమవారం నుంచి. సరేనా? అయితే నువ్వొక పని చెయ్యి. తనిఖీ పుస్తకంలో పెద్దలెవరైనా ఒకరు సాక్షి సంతకం పెట్టాలంట. అందరూ వేలిముద్రలే. నీకు సంతకం వచ్చు గదా."

పుస్తకం నా ముందు పెట్టాడు. నేను గబుక్కున గీకేసి ఉంటే, ఏం రాశారో నాకు తెలియదని తర్వాత చెప్పుకునేదాన్ని. అట్లా చేయలేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. పైన చూపిన సంఖ్య ప్రకారం పిల్లలు బడిలో హాజరై యున్నట్లు కళ్ళారా చూచితిమి అని ఉంది. ఒత్తుల దగ్గర ఆగి, వెనక్కి పోయి మళ్ళీ చదివాను. ఇనస్పెక్టరు చేయి కడుక్కుని వచ్చి నా వెనక నిలబడి, "ఈ వయసులో ఎంత బాగా చదువుతుందో చూడండి. ఇట్లాంటివాళ్ళు ఊరికొకరు ఉండాలి" అన్నాడు.

సంతకం పెట్టాను. నేను చదువుకున్న రెండేళ్ళ చదువునూ ఆ అబద్ధం కింద పెట్టాను.

సోమవారం నుంచి నా మనవరాలు ఒకటో తరగతిలో కూర్చుంది. ఆయన మాట మీద నాకు నమ్మకం లేదు, అందుకని నా ఆకుల కట్ట, ఈనె పుల్లలు అన్నీ బడి వసారాకు మార్చాను. ఒకటో తరగతి గడప పక్కనే గోడకు ఆనుకుని విస్తర్లు కుట్టేదాన్ని. చిన్నయివారు బస్సు దిగి వచ్చి నన్ను చూసి, "ఏం పెద్దమ్మా, నువ్వు గూడా చేరినావా?" అని నవ్వాడు.

"చేరినాను సామీ. మీరు ఎప్పుడొస్తే నేనూ అప్పుడే వచ్చేదాన్ని గాదు, పొద్దున తొమ్మిదికే వచ్చినా" అన్నాను.

మరుసటి వారం నుంచి ఆయన ముందు బస్సుకు వచ్చాడు. భయపడి కాదు. ఒక ముసలిది రోజూ గడపలో కూర్చుని చూస్తుంటే మనిషికి ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బందితోనే పలకలు పట్టించాడు, అక్షరాలు పెట్టి ఇచ్చాడు, దిద్దించాడు. చేతకానివాడు కాదని అప్పుడు తెలిసింది. బాగా చెప్పేవాడు. అది తెలిశాక నాకు ఇంకా రోత పుట్టింది.

పిల్ల పడిన అవమానం తక్కువది కాదు. దాని మోకాలి ఎత్తు పిల్లల మధ్య కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. నాలుగో తరగతి వాళ్ళు కిటికీలోంచి, "ఒకటో కళాసు అక్కా! మీ అవ్వ పలక తెచ్చుకోలేదా?" అని కేకలు పెట్టేవాళ్ళు. ఇంట్లో మా కోడలు, "నలుగురిలో బిడ్డను ఇట్ల చేస్తిరి" అని రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పిల్లయితే అసలు మాట్లాడలేదు. సంగటి పెడితే తినేది, పిలిస్తే వచ్చేది. అవ్వా అని మాత్రం అనేది కాదు.

ఒకరోజు ఇంటికి వస్తూ దారిలో సైకిలు షాపు బోర్డు ముందు ఆగింది. "సై... సైకి..." అని పెదవులు కదిలిస్తూ నిలబడింది. సైకిళ్ళు అన్న మాటలో ఒత్తు దగ్గర ఆగింది. వెనక్కి పోయి మళ్ళీ మొదలుపెట్టింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని ఉంది, వేలు జరపలేదు. నేను పక్కన నిలబడ్డాను. అంత నిదానమైన చదువు ఆ ఊళ్ళో ఎవరూ మెచ్చుకోరు.

ఆ వారంలోనే టైలరు భార్య మా ఇంటికి వచ్చింది. మా పక్కిల్లే. మంచి మనిషి, గట్టిగా మాట్లాడి ఎరుగదు. గడపలోనే నిలబడి అంది: "పెద్దమ్మా, మా పాపకూ అచ్చరాలు రావంట. నిన్న వాళ్ళ నాయన ఖురాను పక్కన పెట్టి తెలుగు పేపరు ఇచ్చి సదవమంటే ఏడ్చింది. మీ పాప మాదిరి మా పాపను గూడా కింద కూర్చోబెట్టమని అయివోరుతో చెప్పవా? నేను పోతే వినడు. నువ్వు చెప్తే వింటాడు."

పోయి చెప్పాను. పెద్దయివారు హాజరు పట్టీ మీద నుంచి తల ఎత్తకుండా, "ఒకర్ని దాచొచ్చు పెద్దమ్మా. ఇద్దర్ని ఎట్ల దాచేది? రేపు ఇంకో ఇద్దరు వస్తారు. అప్పుడు నాలుగో తరగతే ఖాళీ. నీ పిల్లను గూడా పైకి పంపియ్యాల్సి వస్తాది, ఆలోచించుకో" అన్నాడు.

ఆలోచించుకున్నాను. వసారా నుంచి గడప దాటి ఇంటికి వచ్చేలోపే ఆలోచించుకోవడం అయిపోయింది. ఆమెతో, "అయివోరు ఒప్పుకోలేదమ్మా" అన్నాను. అది నిజమే. ఆయన తర్వాత అన్నదేదీ చెప్పలేదు. ఆమె "సరే పెద్దమ్మా, నువ్వు అడిగినావు గదా, అది చాలు" అని పోయింది. సాయంకాలాలు ఆ పిల్లను కూడా నా పక్కన కూర్చోబెట్టుకుని నాకు వచ్చిన నాలుగు అక్షరాలు దిద్దించి ఉండవచ్చు. తోచకపోలేదు. మళ్ళీ ఆ తల్లి ఏదైనా అడుగుతుందేమో, పెద్దయివారికి తెలుస్తుందేమో అని తప్పించుకుని తిరిగాను. ఆ పిల్ల నాలుగు దాటి అయిదుకు పోయింది. దాని పేరు ఎదురుగా గీతలు వరుసగానే ఉన్నాయి. బాగా చదువుతుంది అనే రాశారు.

ఇప్పుడు ఆ టైలరు కూతురికి పెళ్ళయింది. మొగుడు చిత్తూరులో లారీ షెడ్డులో పని. కాన్పుకని పుట్టింటికి వచ్చి ఉంది. అతను పదిహేను రోజులకొక ఉత్తరం రాస్తాడు. వాళ్ళింట్లో తెలుగు చదివేవాళ్ళు లేరు. ఆ పిల్ల ఇన్లాండు కవరు కొంగు కింద పెట్టుకుని మా ఇంటికి వస్తుంది. నా మనవరాలు చదివి వినిపిస్తుంది.

మొన్న వచ్చినప్పుడు నేను అక్కడే ఆకులు ఏరుకుంటున్నాను. నా మనవరాలు చదువుతూ చదువుతూ ఒక చోట ఆగి, గొంతు సవరించుకుని, "ఇట్లు, నీ" అని మొగుడి పేరు చదివి ముగించింది.

"అంతేనా అక్కా?" అంది ఆ పిల్ల. "ఇంకేం రాయలేదా?"

"అంతే."

ఆ పిల్ల కాగితం తీసుకుని ఒకసారి ముందు చూసింది, వెనక చూసింది, మడిచి రవికెలో దోపుకుని, కడుపు పట్టుకుని మెల్లగా లేచి పోయింది.

ఆ పిల్ల కాగితం తిప్పుతున్నప్పుడు నాకు కనబడింది. నా మనవరాలు ఆగిన చోటికీ పేరుకూ మధ్య ఇంకా నాలుగు వరుసలు ఉన్నాయి.

"ఆ నాలుగు వరసలు ఎవరికే?" అన్నాను నా మనవరాలితో.

"అవి నేను సదివేవి కాదవ్వా. ఆయప్ప పెండ్లానికి రాసుకున్నాడు. ఇంకొకరి ముందర నోటికి ఎట్లొస్తాయి?" అని లేచి లోపలికి పోయింది.

నా మనవరాలు చెప్పింది తప్పు కాదు. అవి ఆమె చదివేవి కావు. ఎవరికి రాశాడో ఆ టైలరు కూతురికి చదవడం రాదు, రాకుండా పోవడానికి తనిఖీ పుస్తకంలో సంతకం పెట్టినవాళ్ళలో నేను ఒకదాన్ని.